సీటు వచ్చే అవకాశం ఎంత? అమెరికా అగ్రశ్రేణి విశ్వవిద్యాలయాల ఎంపికను అంచనా వేసే తీరు

సభకు నమస్కారం. పిల్లల పైచదువుల గురించి మాట్లాడమని పిలిచిన నిర్వాహకులకు, తీరిక చేసుకుని వచ్చిన తల్లిదండ్రులకు, ముఖ్యంగా ముందు వరసల్లో కాగితం, కలం పట్టుకుని కూర్చున్న విద్యార్థులకు నా కృతజ్ఞతలు.

అమెరికాలో ప్రవేశం బాగా కష్టమైన విశ్వవిద్యాలయాలకు పిల్లలు అప్లై చేయబోయే ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక రోజు ఈ ప్రశ్న తలెత్తుతుంది. మార్కుల పట్టిక, శాట్ అనే ప్రవేశ పరీక్ష స్కోరు, పిల్లలు చేసిన పనుల చిట్టా ముందు పెట్టుకుని ‘సీటు వచ్చే అవకాశం ఎంత?’ అని అడుగుతారు. అడగడంలో తప్పేమీ లేదు. ఎన్ని చోట్ల అప్లై చేయాలి, దేనికి ముందుగా చేయాలి, డబ్బు ఎంత సిద్ధం చేసుకోవాలి అన్న నిర్ణయాలన్నీ ఆ జవాబు మీదే ఆధారపడి ఉంటాయి. అయితే ఆ జవాబు ఒక్క అంకెలో ఇమిడేది కాదు. దాన్ని ‘ఇంత నుంచి ఇంత వరకు’ అని ఒక పరిధిగా మాత్రమే చెప్పగలం. ఆ పరిధిని నిజాయితీగా కట్టాలంటే, విద్యార్థి ప్రతిభ సంగతి చూసే ముందు ఆ విద్యార్థి ఏ గుంపులో నిలబడి పోటీ పడుతున్నాడో చూడాలి. ఈరోజు నేను ప్రధానంగా చెప్పదలచుకున్నది ఇదే.

ఒకే పరీక్ష, ఒకే ర్యాంకు, ఆ ర్యాంకును బట్టి సీటు అనే పద్ధతికి అలవాటు పడిన వారికి ఈ ఎంపిక తీరు ఒక పట్టాన మింగుడుపడదు. ర్యాంకు పద్ధతిలో కటాఫ్ ఉంటుంది కనుక మనం గీతకు ఇవతల ఉన్నామో అవతల ఉన్నామో కొంతవరకు ముందే తెలుసుకోవచ్చు. ఈ విశ్వవిద్యాలయాల్లో అటువంటి గీత లేదు. హార్వర్డ్ మీద స్టూడెంట్స్ ఫర్ ఫెయిర్ అడ్మిషన్స్ అనే సంస్థ వేసిన దావా 2018లో బోస్టన్‌లోని ఫెడరల్ కోర్టులో విచారణకు వచ్చినప్పుడు, అంతవరకు గుట్టుగా ఉన్న లెక్కలు చాలా వెలుగులోకి వచ్చాయి. ఆ కోర్టు తీర్పులో ఒక ఏడాది లెక్క ఉంది. ఆ ఏడు అమెరికా లోపలి నుంచి అప్లై చేసినవారు సుమారు 26,000 మంది. వారిలో జీపీఏ, అంటే హైస్కూలు గ్రేడుల సగటు, ఏ లోటూ లేకుండా ఉన్నవారు 8,000 మంది. శాట్ గణితంలో పూర్తి స్కోరు తెచ్చుకున్నవారు 3,400 మంది, ఇంగ్లీషు భాగంలో పూర్తి స్కోరు తెచ్చుకున్నవారు 2,700 మంది. ఆ విశ్వవిద్యాలయం ఏటా ప్రవేశం ఇచ్చేది మాత్రం దాదాపు 2,000 మందికి. అంటే జీపీఏ ఒక్కటే కొలతగా పెట్టుకున్నా సీట్లకు నాలుగు రెట్ల మంది అర్హులు తేలతారు. మార్కులు అవసరమే, కానీ అవి చాలవు అన్న మాటను అందరూ అంటారు. ఎంత మేరకు చాలవో తెలియాలంటే ఈ అంకెలను ఒకటికి రెండుసార్లు చూడాలి.

అదే విచారణలో ఫైలును ఎలా చదువుతారన్నది కూడా బయటపడింది. చదువు, చదువేతర కార్యక్రమాలు, క్రీడలు, వ్యక్తిత్వం అనే అంశాలకు విడివిడిగా 1 నుంచి 6 వరకు రేటింగు ఇస్తారు. 1 అన్నిటికన్నా ఉత్తమం. టీచర్లు, స్కూలు కౌన్సెలరు రాసిన ఉత్తరాలకు కూడా రేటింగు ఉంటుంది. చివర మొత్తం మీద ఒక రేటింగు వేస్తారు. ఇది పై అంకెల కూడిక కాదు, ఫైలంతా చదివిన మనిషి ఏర్పరచుకున్న అభిప్రాయం. అభ్యర్థులను ప్రాంతాల వారీగా 20 విభాగాలు చేసి, ముందు ఉపసంఘాల్లో చర్చిస్తారు. తరవాత దాదాపు 40 మంది ఉన్న పూర్తి కమిటీ ముందు పెట్టి ఓటింగులో మెజారిటీని బట్టి నిర్ణయిస్తారు. సీట్ల కంటే ఎక్కువ మంది తేలితే మళ్ళీ కొందరిని తగ్గిస్తారు. 2023 జూన్ 29న ఇదే దావాలో సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పుతో జాతిని ప్రవేశానికి ఒక ప్రాతిపదికగా తీసుకునే పద్ధతికి తెరపడింది. ఫైలును సమగ్రంగా చదివి, కమిటీలో చర్చించి తేల్చే పద్ధతి మాత్రం అలాగే ఉంది.

ఈ వివరం ఎందుకు చెబుతున్నానంటే, అంచనా వేసేవారికి ఈ ఫైలులో కనిపించేది కొంతే. మార్కులు, స్కోరు, తీసుకున్న కోర్సులు, పనుల చిట్టా మనకు కనిపిస్తాయి. టీచరు ఉత్తరంలో ఏం రాశారో కనిపించదు. అదే ప్రాంతం నుంచి ఆ ఏడు ఇంకెవరు అప్లై చేశారో తెలియదు. ఆ ఏడు ఆ విశ్వవిద్యాలయానికి ఏ శాఖలో విద్యార్థులు తక్కువయ్యారో, వాద్యబృందంలో ఎవరు చదువు ముగించుకుని వెళ్ళిపోతున్నారో అసలే తెలియదు. కాబట్టి ఎవరైనా ‘మీ అమ్మాయికి నూటికి 37 అవకాశం’ అని చెబితే, ఆ 37 అనే అంకె ఎక్కడి నుంచి వచ్చిందని అడగండి. జీపీఏ, శాట్ ఎక్కిస్తే దశాంశాలతో సహా శాతం చూపించే కాలిక్యులేటర్లు ఉన్నాయి. కమిటీ చూసే వాటిలో రెండు అంశాలను మాత్రమే తీసుకుని, మిగిలినవన్నీ అందరికీ సమానమని అనుకుంటే వచ్చే అంకె అది. లెక్క తప్పకపోవచ్చు, కానీ అది మీ అమ్మాయి గురించిన లెక్క కాదు.

ఇక అంచనా ఎక్కడ మొదలుపెట్టాలి? ఆ విశ్వవిద్యాలయం ప్రకటించే ప్రవేశ శాతం దగ్గర. వచ్చిన అప్లికేషన్లెన్ని, ప్రవేశం ఎందరికి ఇచ్చారు అన్నదే ఆ శాతం. అయితే దీన్ని చదవడంలో పెద్ద పొరపాటు ఒకటి జరుగుతుంటుంది. దీని దగ్గర కాస్త ఆగాలి. హార్వర్డ్‌కు 2020 ప్రవేశాలకు 40,248 అప్లికేషన్లు వచ్చాయి, 1,980 మందికి ప్రవేశం ఇచ్చారు. అంటే నూటికి 4.9. కోవిడ్ కాలంలో శాట్ తప్పనిసరి అన్న నిబంధన తీసేయడంతో మరుసటి ఏడాది అప్లికేషన్లు 57,435కు ఎగబాకాయి. ప్రవేశం ఇచ్చింది 1,968 మందికి. శాతం 3.4కు పడిపోయింది. పేపర్లలో వచ్చిన ఆ అంకె చూసి ఎన్ని ఇళ్ళలో గుండెలు జారిపోయాయో! సీట్లు తగ్గలేదు. కొత్తగా చేరిన 17,000 మందిలో చాలామంది, పరీక్ష తప్పనిసరి అయి ఉంటే అప్లై చేసి ఉండేవారు కాదు. గట్టి అభ్యర్థి అయినవారికి నిజమైన పోటీ ఆ అంకె చూపించినంతగా పెరగలేదు.

తరవాత దీనికి ఎదురు మార్పు జరిగింది. 2024 ఏప్రిల్‌లో హార్వర్డ్ మళ్ళీ పరీక్ష తప్పనిసరి చేసింది. దానికి ముందు ఏడాది 54,008గా ఉన్న అప్లికేషన్లు 47,893కు తగ్గాయి. ప్రవేశం 2,003 మందికి ఇచ్చారు. శాతం 3.6 నుంచి 4.2కు పెరిగింది. ‘ఈ ఏడు తేలికైంది’ అనుకున్నవారు ఉన్నారు. తేలిక కాలేదు. పక్కకు తప్పుకున్నవారిలో ఎక్కువమంది మంచి స్కోరు చూపించలేనివారే అయి ఉంటారు. మిగిలినవారి మధ్య పోటీ ఎప్పటిలాగే ఉంది. కాబట్టి ప్రవేశ శాతం ఒక పాయింటు అటో ఇటో కదిలిందని మీ అంచనాను కదపకండి. హారం మారినంత మాత్రాన మీ పిల్లల అవకాశం మారదు.

రెండో మెట్టు ఇంకా ముఖ్యం. ప్రకటించిన శాతం అందరి సగటు. ఆ సగటు లోపల వేర్వేరు గుంపులున్నాయి. విచారణలో ఎక్కువగా చర్చకు వచ్చినది నాలుగు వర్గాల గుంపు. క్రీడల కోసం కోచ్‌లు ఎంపిక చేసినవారు, పూర్వ విద్యార్థుల పిల్లలు, డీన్ ప్రత్యేక జాబితాలో ఉన్నవారు (విరాళాలిచ్చినవారి బంధువుల వంటివారు), అక్కడి అధ్యాపకుల, ఉద్యోగుల పిల్లలు ఇందులోకి వస్తారు. అప్లై చేసినవారిలో వీరు నూటికి ఐదుగురి కంటే తక్కువ. ప్రవేశం దొరికినవారిలో మాత్రం నూటికి సుమారు 30 మంది వీరే. ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాం. 50,000 అప్లికేషన్లు, 2,000 ప్రవేశాలు అనుకుందాం. పైకి కనిపించేది నూటికి 4. ఆ నిష్పత్తినే తీసుకుంటే ప్రత్యేక వర్గాలవారు 2,500 మంది, వారికి దక్కినవి 600 సీట్లు. మిగిలిన 47,500 మందికి మిగిలినవి 1,400. అంటే నూటికి 3 కంటే కాస్త తక్కువ. మీ ఇంట్లో ఎవరూ అక్కడ చదవకపోతే, మీ అబ్బాయిని ఏ కోచ్ పిలవకపోతే, మీరు మొదలుపెట్టాల్సిన అంకె 4 కాదు, 3.

అన్ని విశ్వవిద్యాలయాలూ ఒకటి కాదన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి. ఎంఐటీ పూర్వ విద్యార్థుల పిల్లలకు ప్రాధాన్యం ఇవ్వదు. జాన్స్ హాప్కిన్స్, ఆమ్‌హర్స్ట్ ఆ పద్ధతిని మానుకున్నాయి. కాలిఫోర్నియా రాష్ట్రం 2024లో చట్టం చేసి ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో కూడా దాన్ని నిషేధించింది. మరోవైపు కుటుంబ ఆదాయం కూడా నిశ్శబ్దంగా పనిచేస్తుంది. రాజ్ చెట్టి, డేవిడ్ డెమింగ్, జాన్ ఫ్రీడ్‌మన్ అనే ఆర్థికవేత్తలు 2023లో వెలువరించిన పరిశోధన ప్రకారం, ఒకే శాట్ లేదా యాక్ట్ (అలాంటిదే మరో పరీక్ష) స్కోరు ఉన్నా, ఐవీ లీగ్ అనే హార్వర్డ్, యేల్ వంటి ఎనిమిది పాత విశ్వవిద్యాలయాలనూ వాటి స్థాయి విశ్వవిద్యాలయాలనూ చేరే అవకాశం మధ్యతరగతి పిల్లలకంటే అత్యంత సంపన్నులైన ఒక్క శాతం కుటుంబాల పిల్లలకు రెండు రెట్లకు పైగా ఉంది. ఇది నాకు బాధ కలిగించే విషయం. కానీ అంచనా వేసేటప్పుడు ఉన్నది ఉన్నట్టు చూడాలి.

అమెరికా పౌరసత్వం గానీ శాశ్వత నివాసం గానీ లేనివారు అంతర్జాతీయ అభ్యర్థుల కింద లెక్క. ఎంఐటీ ఈ రెండు గుంపుల లెక్కలను విడివిడిగా ప్రకటిస్తుంది. అంతర్జాతీయ అభ్యర్థుల ప్రవేశ శాతం దేశంలోపలి వారిదానిలో సగం కూడా ఉండదు. దీనికి తోడు డబ్బు సంగతి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, డార్ట్‌మత్, ఆమ్‌హర్స్ట్, బౌడిన్ వంటి కొద్ది చోట్ల మాత్రమే అంతర్జాతీయ అభ్యర్థి ఆర్థిక సాయం అడిగాడా లేదా అన్నది చూడకుండా నిర్ణయిస్తారు. చాలా చోట్ల, స్టాన్‌ఫర్డ్‌తో సహా, సాయం అడగడం అంతర్జాతీయ అభ్యర్థి విషయంలో నిర్ణయాన్ని ప్రభావితం చేయగలదు. ఈ తేడా తెలియకుండా రెండు చోట్లా ఒకటే అవకాశం రాసుకుంటే ఆ అంచనా మొదట్లోనే తప్పుతుంది.

చదవబోయే శాఖ కూడా గుంపును మార్చేస్తుంది. సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ మొత్తం మీద నూటికి సుమారు 40 మందికి ప్రవేశం ఇస్తుంది. అదే విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్‌కు నేరుగా అప్లై చేసే బయటి రాష్ట్రాల విద్యార్థుల్లో ప్రవేశం దొరికేది నూటికి ఐదుగురికి లోపే. ఆ 40 చూసి ‘ఇది మనకు ఖాయం’ అని జాబితాలో అడుగున రాసుకున్న పిల్లల పరిస్థితి ఏప్రిల్ నెలలో ఎలా ఉంటుందో నేను దగ్గరగా చూశాను. దయచేసి శాఖ వారీగా, రాష్ట్రం వారీగా లెక్క దొరుకుతుందేమో వెతకండి. దొరికిన చోట అదే అసలు అంకె.

ముందస్తు దరఖాస్తు గురించి కూడా చెప్పాలి. ఎర్లీ డెసిషన్ అంటే నవంబరు మొదట్లో అప్లై చేసి, సీటు వస్తే చేరి తీరుతానని మాట ఇవ్వడం. బ్రౌన్ విశ్వవిద్యాలయం 2024 ప్రవేశాల్లో ముందస్తుగా వచ్చిన వారిలో నూటికి 14 మందికి పైగా ప్రవేశం ఇచ్చింది. తరవాత రెగ్యులర్ పద్ధతిలో వచ్చినవారిలో నూటికి నలుగురికి కూడా దక్కలేదు. దీన్ని చూసి ముందుగా అప్లై చేస్తే అవకాశం మూడు రెట్లు అవుతుందని అనుకుంటారు. అంత లాభం ఉండదు. క్రీడల ద్వారా ఎంపికైనవారు, పూర్వ విద్యార్థుల పిల్లలు ఎక్కువగా ఆ ముందస్తు గుంపులోనే ఉంటారు. వారిని తీసేసి చూస్తే తేడా తగ్గుతుంది, కానీ పూర్తిగా పోదు. చేరతానని కట్టుబడిన విద్యార్థి మీద విశ్వవిద్యాలయానికి ఉండే మొగ్గు నిజమైనదే. కొంత లాభం ఉందని లెక్కలో వేసుకోండి, మూడు రెట్లని మాత్రం వేసుకోకండి. అక్కడ ఇవ్వబోయే ఆర్థిక సాయం మీకు సరిపోతుందో లేదో తెలియకుండా ఆ మాట ఇవ్వకండి. ఫెడరల్ ఆర్థిక సాయం పొందే ప్రతి కళాశాల తన వెబ్‌సైటులో నికర ఖర్చు లెక్కించే కాలిక్యులేటరు పెట్టాలని 2011 నుంచి ఫెడరల్ నిబంధన ఉంది. అమెరికాలో ఉన్న కుటుంబాలు దాన్ని అక్టోబరు లోపే చేసి చూసుకోవాలి.

ఇప్పటివరకు చెప్పినది గుంపు గురించి. ఇక విద్యార్థి గురించి. దీనికి మంచి ఆధారం కామన్ డేటా సెట్ అనే పత్రం. చాలా విశ్వవిద్యాలయాలు దీన్ని ఏటా ప్రకటిస్తాయి. ఇందులో సి అనే విభాగం చూడండి. ఎందరు అప్లై చేశారు, ఎందరికి ప్రవేశం దొరికింది, ఎందరు చేరారు, చేరినవారిలో మధ్యలోని సగం మంది శాట్ స్కోరు ఏ పరిధిలో ఉంది అన్న వివరాలన్నీ అందులో ఉంటాయి. దేనికి ఎంత ప్రాధాన్యం ఇస్తారో కూడా ఒక పట్టికలో టిక్కులు పెట్టి చూపిస్తారు. ఇంటర్వ్యూకు ప్రాధాన్యం లేదని టిక్కు పెట్టిన చోట ఇంటర్వ్యూ గురించి నిద్ర మానుకోనక్కర లేదు.

శాట్ పరిధిని చదవడంలోనే చాలామంది తడబడతారు. 1600కు గాను ఆ పరిధి 1500 నుంచి 1580 అని ఉందనుకోండి. మీ అమ్మాయికి 1540 వచ్చింది. సరిగ్గా మధ్యలో ఉంది కనుక అవకాశం సగానికి సగం అనిపిస్తుంది. కానీ అది చేరినవారి స్కోరు. అదే 1540 తెచ్చుకుని ప్రవేశం దొరకని వేలమంది ఆ పట్టికలో లేరు. పైగా పరిధిలో అడుగున ఉన్నవారిలో ప్రత్యేక వర్గాల ద్వారా వచ్చినవారు ఎక్కువగా ఉండే వీలుంది. కాబట్టి సాధారణ అభ్యర్థి విషయంలో ఆ మధ్యస్థానం ‘స్కోరు అడ్డం కాదు’ అని మాత్రమే చెబుతుంది. స్కోరు పంపడం ఐచ్ఛికమైన చోట ఇంకో చిక్కు ఉంది. ఎక్కువ వచ్చినవారే పంపుతారు కనుక ప్రకటించిన పరిధి పైకి జరుగుతుంది. దాన్ని చూసి తమ స్కోరు చాలదని దాచుకునేవారున్నారు. డార్ట్‌మత్ 2024 ఫిబ్రవరిలో పరీక్షను మళ్ళీ తప్పనిసరి చేస్తూ చెప్పిన కారణాల్లో ఇదీ ఒకటి. వనరులు తక్కువగా ఉన్న నేపథ్యాల విద్యార్థులు, తమకు మేలు చేసే స్కోరును కూడా పంపకుండా దాచుకుంటున్నారని అక్కడి అధ్యాపకుల అధ్యయనంలో తేలింది. స్కోరును విద్యార్థి చదివిన స్కూలు నేపథ్యంలో చూస్తారు. 1400 అనేది ఒక స్కూల్లో మామూలు స్కోరు, ఇంకో స్కూల్లో అంతవరకు ఎవరికీ రాని స్కోరు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ వ్యవస్థలో మాత్రం ఈ చర్చకే తావు లేదు. ఏటా 1,40,000కు పైగా అప్లికేషన్లు వచ్చే యూసీఎల్ఏతో సహా ఆ క్యాంపస్‌లన్నీ ప్రవేశ నిర్ణయంలో శాట్‌ను అసలు చూడవు.

చదువేతర కార్యక్రమాల విషయంలో నా అభిప్రాయం కొంత కఠినంగా ఉంటుంది. చాలా విశ్వవిద్యాలయాలకు ఒకేసారి పనికొచ్చే కామన్ యాప్ అనే అప్లికేషన్‌లో పది కార్యక్రమాలకు చోటు ఉంటుంది. ఒక్కోదాన్ని వర్ణించడానికి ఇచ్చేది 150 అక్షరాలే. ఆ చిన్న గడిలో ఒక విద్యార్థి ఇలా రాస్తాడు: ‘సైన్స్ క్లబ్ అధ్యక్షుణ్ణి. సభ్యులకు నాయకత్వం వహించి, విజ్ఞానం పట్ల ఆసక్తి పెంచాను.’ ఇంకొకరు ఇలా రాస్తారు: ‘స్కూలు వెనక వాగు నీటిలో నైట్రేటు ప్రతి వారం కొలిచాను. రెండేళ్ళ పట్టిక నగర నీటి విభాగానికి ఇచ్చాను.’ మొదటిదాంట్లో పదవి కనిపిస్తుంది, రెండోదాంట్లో పని కనిపిస్తుంది. చదివేవారికి రెండో విద్యార్థి గుర్తుంటాడు. అయినా, అంచనా వేసే మనం ఈ తేడాను కొంచెమే లెక్కలోకి తీసుకోవాలి. ఎందుకంటే రెండో రకం విద్యార్థులు కూడా ఆ గుంపులో చాలామంది ఉన్నారు. అంచనాను నిజంగా పైకి లేపేవి వేరు. అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌లో దేశం తరఫున పాల్గొనడం, ఐసెఫ్ వంటి అంతర్జాతీయ సైన్స్ ప్రదర్శనలో అగ్ర బహుమతి గెలవడం, దేశస్థాయిలో గుర్తింపు పొందిన సంగీతం, రచన వంటివి ఆ కోవలోకి వస్తాయి. ఇలాంటివి లేవని ఏ పిల్లవాడూ కుంగిపోనక్కర లేదు, ప్రవేశం దొరికేవారిలో అత్యధికులకు అవి ఉండవు. కాకపోతే అవి లేనప్పుడు మన అంచనా కూడా గుంపు సగటుకు దగ్గరలోనే ఉండాలి.

ఎస్సేలు, ఉత్తరాల గురించి ఒక్క మాట. ‘ఎస్సే అద్భుతంగా వచ్చింది, అవకాశం పెరిగినట్టే’ అంటారు. ఎస్సే బాగా రాయడానికి శాయశక్తులా కష్టపడండి. అంచనాలో మాత్రం దానికి మార్కులు వేసుకోకండి. అదే కమిటీ ముందుకు వచ్చిన మిగతా ఎస్సేలను మనం చదవలేదు.

ఇప్పుడు ఇదంతా ఒక విద్యార్థినికి వర్తింపజేసి చూద్దాం. ఊహించుకున్న అమ్మాయే, కానీ ఇలాంటి ఫైళ్ళు ఏటా వేలల్లో ఉంటాయి. అమెరికాలో ప్రభుత్వ హైస్కూల్లో పదకొండో తరగతి. అన్నిట్లో ఏ గ్రేడు, శాట్ 1540, డిబేట్ జట్టు కెప్టెన్, ఒక వేసవిలో లాబ్‌లో పరిశోధన. చదవాలనుకుంటున్నది కంప్యూటర్ సైన్స్. పూర్వ విద్యార్థుల సంబంధం లేదు, క్రీడ లేదు. ప్రవేశం నూటికి నాలుగుగా ఉన్న చోటికి అప్లై చేయబోతోంది. ప్రత్యేక వర్గాలు తీసేస్తే 3 దగ్గర మొదలుపెడతాం. చదువులో ఆమె పై మెట్టున ఉంది, అప్లై చేసినవారందరూ ఆ మెట్టున లేరు, కాబట్టి పెంచాలి. ఎంత? ఇలాంటప్పుడు రెండు మూడు రెట్లకు మించి పెంచడానికి నాకు ఆధారం కనిపించదు. శాఖ రద్దీగా ఉన్నందుకు మళ్ళీ కొంత తగ్గించాలి. చివరకు నేను చెప్పేది ‘నూటికి 3 నుంచి 8’. తల్లిదండ్రులకు ఈ మాట రుచించదు. ఇంత కష్టపడిన పిల్లకు ఇంతేనా అంటారు. ఆ అమ్మాయి అక్కడ చదవగలదా అని అడిగితే తప్పకుండా చదవగలదని చెబుతాను. వారు అడిగింది వేరే ప్రశ్న. అచ్చం ఆమెలాంటి వందమంది అప్లై చేస్తే ఎంతమందిని తీసుకుంటారన్నదే ఆ ప్రశ్న. ఈ రెండింటినీ పిల్లల ఎదుట కలిపి మాట్లాడకండి. పదిహేడేళ్ళ పిల్లకు ‘నీకు నూటికి ఐదు’ అన్న మాట ‘నువ్వు నూటికి ఐదు పాటి దానివి’ అన్నట్టు వినిపిస్తుంది.

ఆ కుటుంబం ఇంకో లెక్క వేసింది అనుకుందాం. ఒక్కో చోట నూటికి ఐదు ఉంటే, అలాంటివి పది చోట్ల అప్లై చేస్తే ఒక్కటైనా తగిలే అవకాశం నూటికి 40 అని. పుస్తకంలోని సంభావ్యత సూత్రం ప్రకారం లెక్క సరైనదే. కానీ ఆ సూత్రానికి ఒక షరతు ఉంది: ఒక చోటి నిర్ణయానికీ ఇంకో చోటి నిర్ణయానికీ సంబంధం ఉండకూడదు. ఇక్కడ పది చోట్లకూ వెళ్ళేది ఒకే మార్కుల పట్టిక, అవే ఉత్తరాలు, అదే ప్రధాన ఎస్సే. ఒక ఉత్తరం చప్పగా ఉంటే పది చోట్లా చప్పగానే ఉంటుంది. ఫైలులో మనకు కనిపించని బలం ఉంటే అది కూడా పది చోట్లా పనిచేస్తుంది. అందుకే మూడు నాలుగు చోట్ల సీటు వచ్చినవారు కొందరు, ఎక్కడా రానివారు చాలామంది కనిపిస్తారు. నిజమైన సంభావ్యత ఐదుకు పైన, నలభైకి బాగా దిగువన ఎక్కడో ఉంటుంది. ఇలాంటి చోట్లనే పది నుంచి ఇరవైకి పెంచుకుంటూ పోతే అప్లికేషన్ ఫీజులు, పిల్ల నిద్ర ఖర్చవుతాయి తప్ప, అనుకున్నంత ఫలం ఉండదు.

అంచనాకు అసలైన ఉపయోగం జాబితా కట్టడంలో ఉంది. ప్రవేశం నూటికి పదిలోపు ఉన్న ఏ చోటైనా, విద్యార్థి ఎంతటి వాడైనా, అది అందని ద్రాక్ష కాకపోయినా నమ్ముకోదగినది మాత్రం కాదు. అలాంటివి నచ్చినన్ని కాకుండా, ఎస్సేలు ఓపికగా రాయగలిగినన్ని పెట్టుకోండి. వాటికంటే ఎక్కువ శ్రద్ధ రెండు మూడు నమ్మకమైన చోట్ల మీద పెట్టాలి. శాఖతో సహా లెక్క వేసినా సీటు దాదాపు ఖాయమై, ఖర్చు భరించగలిగి, పిల్లలు సంతోషంగా చేరగలిగిన చోటు అయితేనే అది నమ్మకమైనది. ఈ మూడింటిలో ఏది లోపించినా అది పేరుకే జాబితాలో ఉన్నట్టు. నేను చూసిన జాబితాల్లో పైభాగం గురించి నెలల తరబడి చర్చ ఉంటుంది, ఈ అడుగుభాగాన్ని చివరి వారంలో నింపుతారు. ఆ క్రమాన్ని తలకిందులు చేయమని వేడుకుంటున్నాను.

సలహా ఎవరిని అడగాలన్నది కూడా అంచనాలో భాగమే. సీటు వచ్చినవారి కథలు నలుగురికీ తెలుస్తాయి. అదే మార్కులతో రానివారు నోరు విప్పరు. కాబట్టి ‘మాకు తెలిసిన అబ్బాయికి 1480తోనే వచ్చింది’ అన్న మాట నుంచి ఏమీ తేల్చలేం, ఆ అబ్బాయి ఏ గుంపులోని వాడో మనకు తెలియదు. అమెరికాలోని చాలా హైస్కూళ్ళలో నేవియాన్స్ వంటి వ్యవస్థల్లో, ఆ స్కూలు నుంచి గతంలో అప్లై చేసినవారి జీపీఏ, స్కోరు, ఫలితం చుక్కల రూపంలో కనిపిస్తాయి. రానివారి చుక్కలు కూడా ఉంటాయి కనుక అది కథలకంటే చాలా మేలు. మీ స్కోరు దగ్గరలోని, సీటు వచ్చినవారిని సూచించే ఆకుపచ్చ చుక్కల్లో క్రీడాకారులు ఎవరన్నది స్కూలు కౌన్సెలరుకు తెలుస్తుంది. పేర్లు చెప్పరు గానీ, ‘ఆ రెండు చుక్కల్ని లెక్కపెట్టుకోకండి’ అని చెప్పగలరు. ఇక డబ్బు తీసుకుని ‘మా విద్యార్థుల్లో ఇంత శాతానికి వచ్చింది’ అని ప్రకటించేవారు, తమ దగ్గరికి వచ్చినవారిలో ఎవరిని చేర్చుకున్నారో, ఎవరిని వద్దన్నారో కూడా చెబితే తప్ప ఆ శాతానికి అర్థం లేదు.

చివరగా, డిసెంబరు తరవాత అంచనాను ఎలా సవరించాలో చెప్పి ముగిస్తాను. ముందస్తుగా అప్లై చేసినవారికి డిసెంబరు మధ్యలో సీటు గానీ, తిరస్కారం గానీ, ‘రెగ్యులర్‌లో మళ్ళీ చూస్తాం’ అనే వాయిదా గానీ వస్తుంది. వాయిదా పడితే అవకాశం రెగ్యులర్ సగటుకు దగ్గరగా వచ్చిందనుకోవాలి. కొత్త మార్కులు, కొత్త పని ఏదైనా ఉంటే ఒక పేజీ మించకుండా ఉత్తరం పంపండి, జాబితాలోని మిగతా అప్లికేషన్లు జనవరి మొదటి తేదీకి ఆగకుండా పూర్తి చేయండి. మార్చి చివర వెయిట్ లిస్టులో, అంటే సీట్లు మిగిలితే పిలిచేవారి జాబితాలో, పేరు వస్తే మళ్ళీ కామన్ డేటా సెట్‌లోని సి విభాగమే తెరవండి. వెయిట్ లిస్టులో ఎందరికి చోటిచ్చారు, అందులో ఉండడానికి ఎందరు ఒప్పుకున్నారు, చివరకు ఎందరిని తీసుకున్నారు అన్న అంకెలు గత నాలుగైదేళ్ళవి పక్కపక్కన రాసుకోండి. ఒకే విశ్వవిద్యాలయం ఒక ఏడాది వందమందికి పైగా తీసుకుని, మరో ఏడాది ఒక్కరినీ తీసుకోకుండా ఉండవచ్చు. ఆ వరస చూశాక ఎవరూ దాని మీద ఒక శాతం చెప్పలేరని మీకే తెలుస్తుంది. పేరు ఉంచమని జవాబు పంపండి. మే 1 లోగా, సీటు వచ్చిన చోట్లలో మీకు నచ్చినదానికి డిపాజిట్ కట్టి, హాస్టలు ఫారం నింపి, అక్కడ చేరబోతున్నట్టుగానే వేసవి ఏర్పాట్లు చేసుకోండి.

ఓపికగా విన్నందుకు ధన్యవాదాలు. పిల్లల జాబితాలు వెంట తెచ్చుకున్నవారు ఉంటే వాటి అడుగుభాగంతో మొదలుపెట్టి మాట్లాడుకుందాం.